గోలలో, వరదలో, కంగారులో కబురు సరిగ్గా అందించడం ఎలా: ఫోన్ చేయాలా, రాసి పంపాలా?

"ఫోన్లో స్పష్టంగానే చెప్పాను, వాళ్ళు ఇంకోలా విన్నారు." "మెసేజ్ పెట్టాను, చూసుకోలేదు." 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా విజయవాడని ముంచిన తర్వాత ఈ రెండు మాటలూ చాలామంది నోట విన్నాను. అలాంటప్పుడు ఫోన్ చేయడం మంచిదా, రాసి పెట్టడం మంచిదా అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. దీనికి వరదే రానక్కర్లేదు. గుంటూరు మిర్చి యార్డులో సీజన్ మధ్యలో కాటా పక్కన నిలబడి రేటు చెప్పినా, ఆసుపత్రి వరండాలోంచి ఇంటికి మందుల పేర్లు చెప్పినా ఇదే తంటా.

మాటలో చిన్న ముక్కలు రాలిపోతాయి: అంకె, పేరు, 'వద్దు' అనే మాట. రాతలో ఆ ముక్కలు నిలుస్తాయి, కానీ అవతలివాళ్ళు చూశారో లేదో, చూసినా మన తొందర తెలిసిందో లేదో మనకి తెలియదు. అందుకని వీలైన ప్రతిసారీ పాటించాల్సిన క్రమం ఇది: మాటతో పిలవాలి, రాతతో వివరం ఇవ్వాలి, మళ్ళీ మాటతో సరిచూసుకోవాలి. మూడూ కుదరనప్పుడు ఏది వదిలేయాలి, దేన్ని వదలకూడదు అన్నదే అసలు పని.

1. ముందు అడ్డం ఏంటో చూసుకోండి

ఫోన్ తీసే ముందు ఒక్క క్షణం ఆగి, మీ వైపు ఏం అడ్డుంది, అవతలి వైపు ఏం అడ్డుంది అని చూసుకోండి. చప్పుడుకి మందు వేరు, సిగ్నల్ లేకపోవడానికి మందు వేరు.

చప్పుడు. మన మాటలో అచ్చులు గట్టిగా వినపడతాయి, హల్లులు బలహీనం. స, ఫ, త, క, ప లాంటివైతే మరీనూ. ట్రాఫిక్ అయినా, జనరేటర్ అయినా ముందు ఈ హల్లుల్నే మింగేస్తుంది. దానికి తోడు పాత పద్ధతి ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది, 'స'ని 'స'గా వినిపించే పదును చాలావరకు దానికి పైనే ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ చెవి ముందు పోగొట్టుకునేదీ ఆ పై భాగాన్నే. "వినపడుతోందిరా, అర్థమే కావట్లేదు" అని పెద్దవాళ్ళు అనేది అందుకే, చాదస్తం కాదు.

ప్రతిధ్వని. రైల్వే స్టేషన్, ఫంక్షన్ హాలు, ఆసుపత్రి కారిడార్. ముందున్న అచ్చు తాలూకు తోక వచ్చి తర్వాతి హల్లు మీద పడుతుంది. ఇక్కడ గట్టిగా చెప్పడం కంటే ఆగి ఆగి చెప్పడం పనిచేస్తుంది. పది ప్లాట్‌ఫాంలున్న విజయవాడ స్టేషన్లో ఆరో నంబరా ఏడో నంబరా అని చెవి మీద ఆధారపడకండి. బోర్డు చూడండి, లేదా రైల్వే వాళ్ళ నంబరు 139కి ఫోన్ చేయండి.

సిగ్నల్, కరెంటు. ఇవి లేనప్పుడు మాటకంటే చిన్న రాత నయం. ఎందుకో అయిదో భాగంలో చెప్తాను.

మనిషి. భయంలో ఉన్నాడా, బండి మీద ఉన్నాడా, కళ్ళజోడు దగ్గరుందా, ఏ లిపి చదవగలడు. చాలామంది సాంకేతికం గురించి తెగ ఆలోచించి ఇది మర్చిపోతారు.

2. ఏది ఎప్పుడు

మాట వాడాల్సిన సందర్భాలు:
- ప్రాణం మీదకి వచ్చినప్పుడు, వెంటనే కదలాల్సినప్పుడు
- అవతలి మనిషి చదవలేని స్థితిలో ఉన్నప్పుడు
- కంగారులో ఉన్నవాళ్ళకి ధైర్యం చెప్పాల్సినప్పుడు (రాతలో ధైర్యం సరిగ్గా పలకదు, "ఏం కాదు" అని రాస్తే ఏదో దాస్తున్నారనుకుంటారు)

రాత వాడాల్సిన సందర్భాలు:
- అంకె, మందు పేరు, అడ్రసు, ఖాతా నంబరు ఏది ఉన్నా
- మూడు విషయాలు దాటినా
- కబురు ఒకరి ద్వారా ఇంకొకరికి వెళ్ళాల్సి ఉన్నా

ఈ చివరిది గట్టిగా పట్టుకోండి. అక్కకి చెప్తే, అక్క బావకి చెప్తే, బావ డ్రైవరుకి చెప్తే, డ్రైవరుకి చేరేసరికి అందులో మీ మాట ఎంత మిగులుతుందో మీకే తెలుసు. రాసి పంపండి, "ఇదే ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చెయ్యి, నీ మాటల్లో చెప్పకు" అని కూడా అనండి.

3. మామూలు రోజునే చేసి పెట్టుకోవాల్సినవి

నీళ్ళు వీధిలోకి వచ్చాక ఇవి చేయలేరు. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది.

- ఇంట్లో, బంధువుల్లో ఎవరు ఏ లిపి చదువుతారో రాసుకోండి. మనం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపుతాం, అమ్మకి తెలుగు లిపి తప్ప రాదు. ఆవిడ మెసేజ్ చూసింది, చదవలేదు, ఆ సంగతి మనకి చెప్పలేదు. ఒక మామూలు మెసేజ్ పెట్టి, చదివి వినిపించమనండి, తేలిపోతుంది.
- పెద్దవాళ్ళ ఫోన్లో అక్షరాల సైజు పెంచండి.
- ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద పెద్దగా రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఫోన్ ఆగిపోతే పక్కింటివాళ్ళ ఫోన్ దొరకొచ్చు, నంబరు గుర్తుండాలి కదా.
- వేరే ఊళ్ళో ఉన్న ఒక్క మనిషిని అందరికీ కేంద్రంగా పెట్టుకోండి. మీరంతా విజయవాడలో ఉంటే గుంటూరు పిన్ని, మీరంతా గుంటూరులో ఉంటే ఒంగోలు బాబాయి. ఒకరికొకరు దొరక్కపోయినా అందరూ ఆ ఒక్కరికే చెప్తారు.
- మీ ఇంటి అడ్రసుని ఒకే ఒక్క వాక్యంగా, పెద్ద గుర్తుతో సహా తయారు చేసి అందరికీ నేర్పండి. ఎవరు ఫోన్ చేసినా అదే చెప్పాలి.
- 112 (అత్యవసర సాయం), 108 (అంబులెన్స్) నంబర్లు పిల్లలక్కూడా తెలియాలి.

4. మాటతో చెప్పేటప్పుడు: ఈ వరసలో

4.1 పేరు పెట్టి పిలిచి ఆగండి. "హలో హలో వినపడుతోందా హలో" అంటూ పోతే అవతలివాళ్ళ చెవి మీ గొంతుకి కుదురుకోదు. "బాబాయ్, నేను శీనుని." ఆగండి. ఆయన "ఆ చెప్పరా" అన్నాకే మొదలుపెట్టండి.

4.2 మొదటి వాక్యంలోనే అసలు విషయం. కాల్ ఏ క్షణాన తెగుతుందో తెలియదు. 112కి చేసినప్పుడైతే అన్నిటికంటే ముందు చోటు చెప్పండి, తర్వాత ఏం జరిగిందో, తర్వాత ఎంతమందో, చివర్లో మీ పేరు. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చెప్తాం. పొద్దున్నుంచి ఏం జరిగిందో మొదలుపెట్టి, చోటు దగ్గరికి వచ్చేసరికి కాల్ కట్ అవుతుంది.

4.3 అంకెలు విడివిడిగా. అన్నిటికంటే ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. తెలుగు అంకెల్లో కవలలు ఎక్కువ:

- పదిహేను, పదిహేడు
- ఇరవై, అరవై
- పదమూడు, పదహారు
- నలభై, యాభై, ఎనభై, తొంభై (చివర 'భై' తప్ప ఏదీ వినపడదు)

ఇంగ్లీషులో చెప్తే తప్పించుకుంటాం అనుకోకండి, అక్కడ ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఉన్నాయి. యార్డులో "క్వింటా పదిహేడు వేలు" అన్నది పదిహేనుగా వినపడితే క్వింటాకి రెండు వేలు ఎగిరిపోయినట్టే, టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాక ఆ తగువు తెగదు. మందు మోతాదు అంకె తప్పితే అది తగువుతో కూడా పోదు.

విరుగుడు సులువు. ముందు మొత్తంగా చెప్పండి, వెంటనే విడగొట్టండి: "పదిహేడు వేలు. ఒకటి, ఏడు, మూడు సున్నాలు." మిరప రకం చెప్పేటప్పుడు కూడా "మూడు, మూడు, నాలుగు" అనండి, 334 ఎక్కడ, 341 ఎక్కడ. ఫోన్ నంబరుని మూడు, మూడు, నాలుగుగా ముక్కలు చేసి, ముక్క ముక్కకీ ఆగండి. ఒక్కసారి విన్నది మనసులో నిలిచేది నాలుగైదు ముక్కలే, పది అంకెలు గుక్క తిప్పుకోకుండా చెప్తే సగం పోతుంది.

4.4 'వద్దు' ముందు పెట్టండి. తెలుగులో వ్యతిరేకం క్రియ చివర, చిన్న అక్షరంలో దాక్కుంటుంది. "మెయిన్ వెయ్యండి", "మెయిన్ వెయ్యకండి". మధ్యలో ఉన్న ఆ ఒక్క 'క' చప్పుడులో పోయిందంటే తడి ఇంట్లో కరెంటు మెయిన్ ఆన్ చేస్తారు. "రండి, రాకండి", "ఇవ్వండి, ఇవ్వకండి" కూడా అంతే.

ఇలా చెప్పండి: "వద్దు, వద్దు. మెయిన్ ముట్టుకోవద్దు. ఆఫ్‌లోనే ఉంచండి." ముందు వద్దు అన్నాం, చివర ఏం చేయాలో కూడా చెప్పాం. ఒక ముక్క పోయినా ఇంకోటి కాపాడుతుంది. చేయకూడనిది చెప్పి ఊరుకోకుండా చేయాల్సింది కూడా చెప్పడం చప్పుడులో ఎప్పుడూ మేలే.

4.5 ఊరి పేరు, పేట పేరు ఒంటరిగా వదలకండి. ఆటోనగర్ విజయవాడలో ఉంది, గుంటూరులోనూ ఉంది. కొత్తపేట రెండు చోట్లా ఉంది. ఊరు, పేట, గుర్తు మూడూ చెప్పండి. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైను, అడ్డరోడ్డు లెక్క మరీ జాగ్రత్త. "ఫోర్ బై ఫోర్టీన్" అని గబగబా అంటే అవతలివాడు దేన్ని లైను అనుకుంటాడో చెప్పలేం. "బ్రాడీపేట, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, ఒకటి నాలుగు" అని పూర్తిగా చెప్పండి. పేర్లైతే అక్షరానికి తెలిసిన మాట తగిలించండి: "సీతలో సీ", "పలకలో ప".

తెలిసిన వాక్యంలో ఉన్న మాట, విడి మాటకంటే చప్పుడులో బాగా అందుతుంది. అందుకే "తాడు" అని అరవడం కంటే "పడవకి కట్టే తాడు తీసుకురా" అనడం నయం. కాస్త పొడుగైనా ఫర్వాలేదు.

4.6 అరవకండి. అరిస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు అక్కడే ఉంటాయి, ఫోన్ మైకు పగిలినట్టు వినిపిస్తుంది. నిదానంగా, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఇస్తూ, మైకుని నోటి దగ్గర పెట్టుకుని చెప్పండి. స్పీకర్ ఆపేయండి. ఎదురెదురుగా ఉంటే మీ ముఖం మీద వెలుతురు పడేలా నిలబడండి, పెదాలు కనిపిస్తే చప్పుడులో అర్థమయ్యేది చాలా పెరుగుతుంది. కరెంటు పోయిన రాత్రి టార్చి ఎదుటివాళ్ళ కళ్ళలోకి కాదు, మీ ముఖం మీదకి వేసుకోండి.

5. రాసేటప్పుడు

సిగ్నల్ ఒక గీత మీద ఊగుతున్నప్పుడు కాల్ కలవదు, వాట్సాప్ గడియారం గుర్తు అలాగే ఉండిపోతుంది, మామూలు ఎస్సెమ్మెస్ మాత్రం చాలాసార్లు వెళ్ళిపోతుంది. కాల్‌కి ఇద్దరి ఫోన్లూ ఒకేసారి లైన్లో ఉండాలి. ఎస్సెమ్మెస్‌కి మీకు కొద్దిసేపు సిగ్నల్ దొరికితే చాలు, అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉన్నా కంపెనీ దగ్గర కొంతకాలం ఆగి, ఆన్ అయ్యాక చేరుతుంది. ఇది ఇప్పటికీ చాలామంది వాడరు, ఓటీపీలకే అనుకుంటారు.

ఒక కొలత గుర్తుపెట్టుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 పడతాయి, తెలుగు లిపిలో 70 మాత్రమే. పైగా ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకి వస్తాయి, "స్త్రీ" అని రాస్తే ఆరు పోయినట్టు. దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, అన్ని ముక్కలూ చేరితేనే అవతల అతుక్కుంటుంది. కాబట్టి ఇలా కుదించండి:

"ఆది సా 4:10. మేం ముగ్గురం మేడ మీద. క్షేమం. తాగునీళ్ళు కావాలి."

ఇది 70 లోపే.

రాతలో తప్పనిసరిగా ఉండాల్సినవి:

- వారం, టైము. మాటలో "ఇప్పుడే" అంటే ఇప్పుడే. రాతలో "ఇప్పుడే" అంటే చదివినప్పుడే. "ఇప్పుడే కట్ట తెగింది" అనే మెసేజ్ మూడు రోజుల తర్వాత కూడా తిరుగుతూ జనాన్ని పరిగెత్తిస్తుంది. టైము లేని మెసేజ్ మీరు రాయకండి, వస్తే ముందుకి పంపకండి.
- ఎవరు, ఎక్కడ. పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి పంపుతుంటే మీ పేరు రాయండి.
- అవతలివాళ్ళు ఏం చేయాలో. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వెళ్ళాయి. ఆ అంకె ఎంతమంది ఫార్వర్డ్ చేసినా విజయవాడ సింగ్‌నగర్ మేడల మీద ఉన్నవాళ్ళకి దాంతో ఏం చేయాలో తెలియదు, వాళ్ళని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. అంకె కాదు, పని రాయండి: ఎక్కడికి, ఏ దారిన, ఎప్పటిలోగా.
- అర్ధరాత్రి దాటిన టైముకి రెండు తేదీలూ. "15న రాత్రి 12:20 బండి" అంటే సగం మంది 15 రాత్రి స్టేషన్‌కి వెళ్తారు, బండి 14 రాత్రే వెళ్ళిపోయి ఉంటుంది. "14 రాత్రి బయల్దేరాలి, 12 దాటాక 15లో పడుతుంది" అని రాయండి.

మందుల విషయం వేరేగా చెప్పాలి. పేరు చదివి వినిపించకండి, రాయకండి కూడా, చీటీ ఫొటో, పాత స్ట్రిప్ ఫొటో తీసి పంపండి. చేత్తో మోతాదు రాయాల్సి వస్తే అర అంటే "0.5" అని ముందు సున్నాతో రాయండి, ఐదు అంటే "5" చాలు, "5.0" అని రాస్తే చుక్క కనపడక యాభై అవుతుంది. ఇన్సులిన్‌కి "యూనిట్లు" అని పూర్తిగా రాయండి, ఇంగ్లీషు యూ అక్షరం ఒక్కటే రాస్తే సున్నాలా కనిపిస్తుంది.

వాయిస్ మెసేజ్ సంగతి. చదవలేని వాళ్ళకి ఇది వరం, ఎన్నిసార్లైనా వినొచ్చు. మిగతా వాళ్ళకి కష్టమే: డేటా కావాలి, నిశ్శబ్దం కావాలి, ఒక్క అంకె కోసం మొత్తం మళ్ళీ వినాలి. అర నిమిషం దాటనివ్వకండి. మాట్లాడి రాయించేది వాడితే పంపే ముందు ఒకసారి చదవండి, పేర్లు, ఊళ్ళు అది తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది.

6. సరిచూసుకోవడం

"అర్థమైందా?" అని అడగకండి. ఎవరైనా "ఆ ఆ" అనే అంటారు. వినపడకపోయినా అంటారు, మొహమాటానికి అంటారు, ఫోన్ పెట్టేయాలనీ అంటారు.

తిరిగి చెప్పించుకోండి. పెద్దవాళ్ళ దగ్గర ఇది పరీక్ష పెట్టినట్టు ఉండకూడదు కాబట్టి తప్పు మన మీద వేసుకుని అడగాలి: "మామయ్యా, గోలలో నేను సరిగ్గా చెప్పానో లేదో, ఏ రోడ్డు అన్నానో ఒక్కసారి చెప్పండి." తమ్ముడైతే సూటిగా "ఏం చేస్తావో చెప్పు" అంటే చాలు. వాళ్ళు తిరిగి చెప్పింది తప్పైతే మొత్తం కథ మళ్ళీ మొదలుపెట్టకండి, తప్పిన ముక్కనే, ఈసారి వేరే మాటల్లో చెప్పండి. అదే మాట అదే చప్పుడులో అలాగే పోతుంది.

రాతకైతే రెండు టిక్కులు వచ్చాయంటే ఫోన్‌కి చేరినట్టు, మనిషికి చేరినట్టు కాదు. బొటనవేలు బొమ్మ వచ్చినా అంతే, చూశాను అనా, సరే అనా, చేస్తాను అనా తెలియదు. "వస్తున్నావా, ఎన్నింటికి? రాసి పెట్టు" అని జవాబు అవసరమయ్యే ప్రశ్నతో ముగించండి.

7. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

ఒకే కబురు పదిమందికి పదిరకాలుగా. అన్న ఒకటి, వదిన ఒకటి రాస్తే చదివేవాళ్ళు దేన్నీ నమ్మరు. ఇంట్లో రాసేది ఒక్కరే అని ముందే అనుకోండి.

ఒక్కసారి చెప్పి ఊరుకోవడం. హెచ్చరిక విన్న వెంటనే ఎవరూ కదలరు, ఇంకొకర్ని అడిగి రూఢి చేసుకుంటారు. అది మొండితనం కాదు, మనుషుల తీరే అంత. కాబట్టి రాసి పంపాక వాళ్ళు నమ్మే మనిషితో ఒక కాల్ కూడా చేయించండి. అత్తగారికి అల్లుడు చెప్తే కదులుతారనుకుంటే అల్లుడితోనే చెప్పించండి.

బ్యాటరీ పది శాతంలో కాల్స్ మీద కాల్స్. ఒక ఎస్సెమ్మెస్ పెట్టి, "గంట గంటకీ ఐదు నిమిషాలు ఆన్ చేస్తా" అని రాసి, ఆఫ్ చేయండి. చెప్పిన టైము తప్పకండి, తప్పితే అవతల గుండెలు ఆగిపోతాయి.

మెసేజ్‌లో కోపం. టెన్షన్‌లో ఉన్నవాడికి "ఎక్కడున్నావ్" అన్న మాట కూడా తిట్టులా కనిపిస్తుంది. "ఎక్కడున్నావ్ రా, మేమంతా బాగున్నాం" అని ఇంకో నాలుగు మాటలు కలపండి.

8. మీరే వినేవాళ్ళైతే

- ఫోన్ లేని చెవి మూసుకోండి, గోడ వైపు తిరగండి, వీలైతే లోపలికి నడవండి.
- కాగితం, పెన్ను లేకుండా అంకె వినకండి. పెన్ను లేకపోతే "ఇదే మెసేజ్ పెట్టండి" అని ఆపేయండి, అందులో మర్యాద తక్కువేం లేదు.
- "ఏంటీ? ఏంటీ?" అనకండి. ఎంతవరకు వినపడిందో చెప్పండి: "బ్రాడీపేట నాలుగో లైను వరకు విన్నాను, అడ్డరోడ్డు ఎంత?" అప్పుడు ఆయన ఆ ముక్క ఒక్కటే చెప్తాడు.
- డబ్బు, మందు, కరెంటు, నీళ్ళు ఈ నాలుగింటి గురించి విన్నది సగమే అయితే, తోచింది పూరించుకుని పని మొదలుపెట్టకండి. మళ్ళీ ఫోన్ కలిసేదాకా ఆగండి.
- చెవి మిషన్ పెట్టుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే దాని బ్యాటరీలు కూడా టార్చి బ్యాటరీల పక్కనే ఒక జత ఉంచండి.